క్రూగర్ పార్క్‌లో సొంతంగా కారు నడుపుకుంటూ ఒక రోజు సఫారీ ఎలా ప్లాన్ చేసుకోవాలి?

దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌లో గైడ్ లేకుండా మామూలు అద్దె కారులోనే తిరగొచ్చు. మనలాగే అక్కడా ఎడమ వైపు డ్రైవింగే, ఆ టెన్షన్ లేదు. కానీ ఒక్క రోజులో పార్కంతా చూసేద్దామనుకోకండి. ఉత్తరం నుంచి దక్షిణం దాదాపు 360 కిలోమీటర్లు. వేగ పరిమితి తారు రోడ్డుపై 50, మట్టి రోడ్డుపై 40. జంతువు కనబడిన చోటల్లా ఆగుతాం కాబట్టి గంటకు పాతిక కిలోమీటర్లే లెక్కేసుకోండి.

నన్నడిగితే దక్షిణ భాగమే మేలు. పార్కులోని స్కుకుజా బస క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపుకి నది వెంబడి వెళ్లే రోడ్డు సుమారు 45 కిలోమీటర్లే, అయినా పొద్దుటి పూటంతా దానికే సరిపోతుంది. నది ఒడ్డు చెట్ల కొమ్మల మీద ఓ కన్నేయండి, చిరుత అక్కడే పడుకునేది. లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ పక్కన ఇంజిన్ ఆపి అరగంట కూర్చోండి. నీటిగుర్రాలు, మొసళ్లు కారులోంచే కనిపిస్తాయి.

గేటు తెరిచే వేళకే లోపలికి వెళ్లాలి. మధ్యాహ్నం ఎండకి సింహాలు నీడ పట్టున పడుకుంటాయి, మీరూ క్యాంపులో భోజనం కానివ్వండి. గేట్ల సమయాలు నెలను బట్టి మారతాయి. సాయంత్రం ఆలస్యమైతే జరిమానా పడుతుంది.

అనుమతి ఉన్న చోట తప్ప కారు దిగకూడదు. ఏనుగు చెవులు చాచి తల విదిలిస్తే ఫొటోల సంగతి మరచి నెమ్మదిగా రివర్స్ చేయండి. వెనక ఇంకో కారు ఆనుకుని ఉంటే అదీ కుదరదు, అందుకే కార్ల గుంపులో ఇరుక్కోవద్దు.