మొదట తలుపు సందు చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన 14 ఫొటోలూ చూశాను. మొదటి పదింటిలో కారు కొన్న సంబరం ఉంది, చివరి నాలుగింటిలో దిగులు ఉంది. 1972 ఎంజీబీ, బ్రిటన్ ఎంజీ కంపెనీ స్పోర్ట్స్ కారు, ఎర్ర రంగు, కప్పు మడిచే రోడ్‌స్టర్. నీ వయసులో నేనూ ఇలాంటిదే కొని మీ అత్తయ్యతో వారం రోజులు మాటలు లేకుండా ఉన్నాను కాబట్టి నిన్ను తప్పు పట్టను.

తుప్పు పట్టిన చోట అతుకులు వేయించాలా, కొత్త బాడీ కొనాలా, ఉన్నది ఉన్నట్టు అమ్మేయాలా అని అడిగావు. ఈ మూడింటిలో ఏదీ ఇప్పుడే తేల్చకు. నువ్వు ఇంకా పైరంగు మాత్రమే చూశావు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ నేర్చుకున్నది లారీల మీద. లారీకి చాసిస్ కింద ఉంటుంది, బాడీ పైన కూర్చుంటుంది. బాడీ పుచ్చిపోతే ఊడదీసి మరొకటి కడతారు, బండికి ఏమీ కాదు. ఎంజీబీ అలాంటిది కాదు. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో ఇవి 5 లక్షలకు పైగా తయారయ్యాయి, ఒక్కదానికీ విడిగా చాసిస్ లేదు. రేకే ఎముక. తలుపుల కింద రెండు పక్కలా పెట్టెలా సాగే దూలాన్ని ఇక్కడ బ్రిటన్‌లో సిల్ అంటారు. పైన కప్పు లేని కారు నడుం వంగకుండా నిలబడేది ముఖ్యంగా ఆ రెండు దూలాల వల్లే. అందుకే నీ ప్రశ్నను కొంచెం మార్చుకో. తుప్పు ఎంత ఉంది అన్నది తర్వాత. అది చర్మంలో ఉందా, ఎముకలో ఉందా అన్నది ముందు.

దీనికి ఒక శనివారం చాలు. కారును చదునైన నేల మీద, నాలుగు చక్రాల మీదే నిలబెట్టు. తలుపుకూ వెనుక రెక్కకూ (అంటే వెనుక చక్రాన్ని కప్పే పక్క రేకుకూ) మధ్య సందు చూడు. పైనా కిందా ఒకేలా ఉందా? పైన ఇరుకై కింద వెడల్పయితే నడుం అప్పటికే దిగిందన్నమాట. ఇప్పుడు తలుపు సగం తెరిచి ఉంచి, ముందు చక్రం వెనుక జాకీ పెట్టి ఆ పక్కను కొద్దిగా లేపు. తలుపు సందు మారితే, తలుపు మూసుకోవడానికి మొరాయిస్తే, దూలం పేరుకే ఉంది. జాకీ పెట్టిన చోటే రేకు కరకరమని లోపలికి పోతే ఇంకేమీ చూడనక్కర్లేదు. అక్కడే ఆగు, కారు కిందకు మాత్రం దూరకు.

తర్వాత ఒక చిన్న అయస్కాంతానికి మెత్తటి గుడ్డ చుట్టి రెక్కల అడుగు భాగాల మీద నడిపించు. ఎక్కడ పట్టు వదులుతుందో అక్కడ రేకు బదులు లప్పం ఉంది. వేలి కణుపుతో తట్టినా తెలుస్తుంది. రేకు మోగుతుంది, లప్పం మొద్దుగా పలుకుతుంది. ఆపైన తివాచీలన్నీ తీసి, పాత స్క్రూడ్రైవరుతో నేల రేకును పొడిచి చూడు. జాలిపడకు. సీట్ల వెనుక మూత తీస్తే రెండు 6 వోల్టుల బ్యాటరీల అరలు కనిపిస్తాయి. దశాబ్దాలుగా ఆమ్లం కారి వాటి అడుగు జల్లెడ అయి ఉంటుంది. అది చూసి కంగారు పడకు, కొత్త అరలు దొరుకుతాయి. వెనుక స్ప్రింగు పట్టెలను బిగించే చోటు, ముందు అద్దం పక్క స్తంభాల మొదళ్లు, ఈ రెండూ పుచ్చిపోయి ఉంటే మాత్రం నాకు వెంటనే ఫోను చెయ్యి.

ఇక నీ ఫొటోల్లో నన్ను ఆపింది పన్నెండోది. తలుపు వెనుక, వెనుక చక్రానికి ముందు, రెక్క కిందకు దిగే చోట రంగు పొక్కి బఠానీ గింజంత బుడగలు వచ్చాయి చూడు. ఆ చోటును ఇక్కడి మెకానిక్కులు కుక్కకాలు అంటారు. ఎందుకంటారో ఇన్నేళ్లలో నాకైతే ఆ పోలిక కనిపించలేదు. నువ్వు దాన్ని చిన్న మచ్చ అనుకుంటున్నావు. సిల్ మనకు కనిపించేంత మేర మాత్రమే ఉండదు. ముందు రెక్క చాటునా, ఈ కుక్కకాలు చాటునా దాని రెండు కొసలూ దాక్కుని ఉంటాయి. బురద, ఉప్పు నీళ్లు చేరేది ఆ కొసల్లోనే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, రంగును బయటికి తోస్తుంది. అంటే బుడగ కనిపించేసరికి లోపలి కథ చాలా దూరం నడిచిపోయి ఉంటుంది.

చవక పని చేసేవాళ్లు ఆ కొసలను ముట్టుకోరు. తలుపు కింద కనిపించే ముక్కను మాత్రమే మార్చి, రంగు కొట్టి ఇస్తారు. ఇంకా ఘనులు పాత పుచ్చు మీదే కొత్త రేకు తొడిగేస్తారు. పైకి నిగనిగ, లోపల మేడిపండు. నేను కొన్న మొదటి కారు అలాంటిదే. మెరిసే స్టీలు పట్టీ ఒకటి తలుపు కింద బిగించి ఉంటే అలంకారమనుకున్నాను. పట్టీ విప్పితే కింద రేకు, దాని కింద ఇంకో రేకు, దాని కింద గుప్పెడు ఎర్రమట్టి లాంటి పొడి.

ఆ కారునే నేను పాడు చేశాను, అదీ చెబుతాను. రెండు పక్కల సిల్‌లూ ఒకేసారి కోసేశాను. తలుపులు అడ్డమని ముందే ఊడదీశాను. కారు రెండు చివర్లా స్టాండ్ల మీద ఉంది. కొత్త దూలాలు ఎంతో అందంగా వెల్డింగ్ చేసి, సాయంత్రం తలుపు తెచ్చి పెడితే పట్టలేదు. మధ్యలో నడుం దిగింది, దిగిన ఆకారంలోనే నేను అతికాను. మళ్లీ అంతా కోయాల్సి వచ్చింది. కాబట్టి పని ఎవరు చేసినా సరే, బరువు చక్రాల ఇరుసుల దగ్గర ఆనాలి, తలుపు బిగించి సందు సరిచూసుకుని గడపకు, అంటే తలుపు పట్టే ఖాళీకి, అడ్డంగా ఇనుప కమ్మీ వెల్డింగ్ చేయాలి, ఆ తర్వాతే కోత. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క.

నా అంచనా అడిగితే, నీ కారుకు రెండు సిల్‌లూ పూర్తిగా మార్చాలి. పూర్తిగా అంటే బయటి రేకు, మధ్య పలక, లోపలి రేకు, అడుగున మడతలు తిరిగిన కాసిల్ రైల్ అనే పట్టీ, నాలుగూ కొస నుంచి కొస దాకా. ఇక్కడ అతుకులకు ఒప్పుకోకు. కుక్కకాలికి మాత్రం అతుకు చాలు, శుభ్రమైన రేకు వచ్చేదాకా కోసి కొత్త ముక్క వేస్తే సరి. ముందు రెక్కలు బోల్టులతో బిగించినవి, విప్పుకోవచ్చు. వాటి అడుగున నాలుగు వేళ్ల మేర పోయిందని కొత్తవి కొనకు. పాత రెక్క ఆ కారుకు కుదిరినట్టు, ఎవరో చవకగా కొట్టిన కొత్త రెక్క కుదరదు.

విట్నీలో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ వాళ్లు 1988 నుంచి పాత అచ్చులతోనే పూర్తి ఎంజీబీ బాడీలు తయారు చేస్తున్నారు. మంచి సరుకు. కానీ ధర ఐదంకెల పౌండ్లలో ఉంటుంది. దానికి రంగు, పాత కారులోని ప్రతి తీగా ప్రతి గొట్టమూ విప్పి మార్చే కూలీ కలుపు. సిల్‌లు, నేల, స్ప్రింగు చోట్లు, స్తంభాలు అన్నీ కలిసి పోతేనే ఆ మాట ఎత్తాలి. నీ ఫొటోల్లో అంత లేదు.

40 ఏళ్లు దాటిన కారు, పెద్ద మార్పులు చేయనిది, కాబట్టి ఎంవోటీ, అంటే ఇక్కడ ఏటా చేయించే వాహన పరీక్ష, తప్పనిసరి కాదని సంతోషించావు. అయినా డబ్బు కట్టి ఒకసారి చేయించు. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, సీటు బెల్టులు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపు రేకు గట్టిగా ఉందో లేదో వాళ్లు చూస్తారు. నీ కళ్లకు ఆ కారు మీద ప్రేమ ఉంది, వాళ్ల కళ్లకు ఉండదు.

వెల్డింగ్ నువ్వే నేర్చుకుని చేస్తానంటున్నావు. నేర్చుకో, బ్యాటరీ అరల మీద చేయి తిప్పుకో. సిల్ మాత్రం చేయి తిరిగినవాడికి ఇవ్వు. ఇచ్చేముందు రెండే అడుగు. గడపకు కమ్మీ కడతావా, బయటి రేకు మూసేముందు లోపలిది నాకు చూపిస్తావా అని. రెండోదానికి నసిగితే మరో షాపుకు వెళ్లు. పని అయ్యాక నీళ్లు పోయే రంధ్రాలు తెరిచే ఉన్నాయో లేదో తీగ పెట్టి చూసి, దూలం లోపల మైనం కొట్టించు. ఇంట్లో నువ్వు ఏ చిన్న వెల్డింగ్ చేసినా ముందు బ్యాటరీ తీగలు విప్పు, తివాచీలు బయట పెట్టు, పెట్రోలు ట్యాంకు దగ్గర పనైతే ట్యాంకే దింపు. అవతలి పక్క ఒక మనిషిని నిలబెట్టు. ఈ పక్క నిప్పురవ్వలు రాలుతుంటే ఆ పక్క తారు పూత అంటుకోవడం నీకు కనిపించదు.

శనివారం తలుపు సందులు కొలిచి, పైనా మధ్యా కిందా, రెండు పక్కలా, ఆరు అంకెలు కాగితం మీద రాసి పంపు. జాకీతో లేపాక మళ్లీ ఆరు. అప్పుడు మాట్లాడుకుందాం.

ఇట్లు,
మామయ్య