థీసిస్‌లో ఏది ఎడ్జస్ట్ చేయాలి? డేటా తెరిచే ముందు బాణాలు గీయండి

ప్రశ్న: బీడీఎస్ తర్వాత ఎంపీహెచ్‌లో (ప్రజారోగ్యంలో మాస్టర్స్) చేరాను. వంటింటి కట్టెల పొగకీ, పిల్లలు తక్కువ బరువుతో పుట్టడానికీ సంబంధం ఉందా అన్నది నా థీసిస్. డేటా ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5 (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, ఐదో విడత) నుంచి తీసుకుంటున్నాను. పీ విలువ 0.05 కన్నా తక్కువ వచ్చిన వేరియబుల్స్ అన్నిటినీ లాజిస్టిక్ రిగ్రెషన్‌లో (అవును-కాదు ఫలితాలకి వాడే గణాంక మోడల్) పెట్టేయమని సీనియర్లు అంటున్నారు. ఒక వర్క్‌షాప్‌లో మాత్రం ‘ముందు డ్యాగ్ గీయాలి’ అన్నారు. లెక్కల్లో నేను అంతంతమాత్రమే. ఇది నేర్చుకోగలనా? ఉద్యోగానికి పనికొస్తుందా? – ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: తప్పకుండా నేర్చుకోగలరు. డ్యాగ్ అంటే ఏది దేనికి కారణమో బాణాలతో చూపే బొమ్మ. దానికి లెక్కల కన్నా విషయం తెలియడం ముఖ్యం. సీనియర్ల పద్ధతి మాత్రం వదిలేయండి. రెండు విషయాలు కలిసి కదులుతున్నాయా అన్నదే పీ విలువ చెబుతుంది. ఆ వేరియబుల్ పొగకీ బరువుకీ ఉమ్మడి కారణమా, రెండిటి మధ్య మెట్టా, లేక రెండిటి ఫలితమా అన్నది చెప్పలేదు. మొదటిది కన్ఫౌండర్, దాన్ని ఎడ్జస్ట్ చేయాలి, అంటే మోడల్‌లో పెట్టి దాని వల్ల వచ్చే తేడాని తీసేయాలి. రెండోది మీడియేటర్, మూడోది కొలైడర్. ఈ రెండిటినీ ముట్టుకుంటే జవాబు చెడుతుంది.

కాగితం మీద ఎడమవైపు ఇంధనం, కుడివైపు పుట్టిన బరువు రాయండి. వీటితో సంబంధం ఉండే మిగతా విషయాలు కూడా రాసి, ఒక్కో జతనీ తీసుకుని ‘తక్కినవన్నీ అలాగే ఉంచి దీన్ని మారిస్తే అది మారుతుందా?’ అని అడగండి. మారుతుందంటే బాణం వేయండి. బాణాలు కాలంతో పాటు ముందుకే పోవాలి, తిరిగి మొదటికి రాకూడదు. బాణం వేయకపోవడం వేయడం కన్నా పెద్ద వాదన, ఎందుకంటే అక్కడ ప్రభావం బొత్తిగా లేదని మీరు అంటున్నట్టు. అందుకే అనుమానం ఉంటే వేసేయండి. డేటాలో లేనివి, ఉదాహరణకి గర్భిణిగా ఉన్నప్పటి తిండి, కూడా గీయాలి.

ఇప్పుడు దారులు చూడండి. ఆర్థిక స్థితి నుంచి ఒక బాణం ఇంధనానికి, మరొకటి తల్లి పోషణ మీదుగా బరువుకి వెళ్తుంది. ఇది బ్యాక్‌డోర్ దారి. ఆర్థిక స్థితి, తల్లి చదువు, పల్లె-పట్నం తేడా లాంటివి ఎడ్జస్ట్ చేసి ఇలాంటి దారులు మూయాలి. నెలలు నిండకుండా కాన్పు కావడం పొగ వల్లా జరగవచ్చు. అది దారి మధ్యలో ఉంది. దాన్ని మోడల్‌లో పెడితే మీరు వెతుకుతున్న ప్రభావంలోనే కొంత కొట్టేసినట్టు.

ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్‌లో చాలామంది చూడని ఉచ్చు ఒకటుంది. అందులోని వెల్త్ ఇండెక్స్ (ఇంటి ఆస్తులు, వసతులతో కట్టే ఆర్థిక స్థితి సూచిక) లెక్కలో వంట ఇంధనం కూడా ఒక అంశం. దాన్ని ఉన్నదున్నట్టు ఎడ్జస్ట్ చేస్తే ఇంధనాన్ని ఇంధనంతోనే ఎడ్జస్ట్ చేసినట్టవుతుంది. ఇంధనం తీసేసి, మిగతా ఆస్తులతో ప్రిన్సిపల్ కాంపొనెంట్ పద్ధతిలో (చాలా అంశాల్ని ఒకే స్కోరుగా కుదించే గణాంక పద్ధతి) ఇండెక్స్ మళ్లీ కట్టుకోండి. ఇక కాలం సంగతి. సర్వే 2019-21లో జరిగింది, కానీ కాన్పులు అంతకుముందు ఐదేళ్లవి. పేద ఇళ్లకి గ్యాస్ కనెక్షన్లిచ్చే ఉజ్వల పథకం 2016 మేలో మొదలైంది. కట్టెల పొయ్యి మీద వండుతూ 2015లో బిడ్డను కన్న తల్లి సర్వేలో గ్యాస్ ఇంట్లో కనిపించవచ్చు. అందుకే డ్యాగ్‌లో ‘గర్భంతో ఉన్నప్పటి ఇంధనం’, ‘సర్వే రోజు ఇంధనం’ రెండూ వేరు బిందువులు. సర్వేకి ముందు ఏడాది, రెండేళ్ల కాన్పులతో విశ్లేషణ మళ్లీ చేసి చూపించండి. అలాగే సర్వేలో కొలిచిన తల్లి రక్తహీనత కాన్పు తర్వాతిది, కన్ఫౌండర్‌గా పనికిరాదు. తూకం వేయని బిడ్డలు విశ్లేషణలోంచి జారిపోతారు. తెలుగు రాష్ట్రాల్లో దాదాపు అన్ని కాన్పులూ ఆస్పత్రుల్లోనే కాబట్టి ఇక్కడ ఈ బెడద తక్కువ. దేశమంతటి డేటా తీసుకుంటే మాత్రం వదలకూడదు.

కొలైడర్ ఎంత మోసం చేస్తుందో చూడాలంటే పుట్టిన బరువు పారడాక్స్ చదవండి. తక్కువ బరువు బిడ్డల్ని మాత్రమే తీసుకుంటే, పొగతాగే తల్లుల పిల్లల్లో మరణాలు తక్కువగా కనిపించాయి. పొగ కాపాడిందని కాదు. పొగతాగని తల్లుల బిడ్డలు అంత తక్కువ బరువుతో పుట్టారంటే పుట్టుకతో వచ్చే లోపాల్లాంటి మరింత ప్రమాదకరమైన కారణం ఉండే అవకాశం ఎక్కువ. బరువుని ఎడ్జస్ట్ చేసినా ఫలితం ఇలాగే తలకిందులవుతుంది.

గీసిన బొమ్మని డ్యాగిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది, కనీసం ఏవి ఎడ్జస్ట్ చేయాలో చెబుతుంది. మీ బొమ్మ ప్రకారం ఏ జతల మధ్య సంబంధం ఉండకూడదో కూడా చూపిస్తుంది. దాన్ని ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో డేటాతో సరిచూడండి. లక్షల శాంపిల్‌లో పీ విలువ చాలాసార్లు చిన్నదే వస్తుంది, కాబట్టి సంబంధం పరిమాణం చూడాలి. ఫలితాల టేబుల్‌లో తల్లి చదువు ఆడ్స్ రేషియోని (సంబంధం ఎంత బలమో చెప్పే అంకె) చదువు ప్రభావంగా వివరించకండి. ఆ మోడల్ కట్టింది ఇంధనం కోసం. చదువుకి ఇంధనం ఒక మీడియేటర్. కొలవని కన్ఫౌండర్లని డ్యాగ్ తుడిచేయదు, అవి ఎక్కడున్నాయో చూపిస్తుంది. అవి ఎంత బలంగా ఉంటే మీ ఫలితం మాయమవుతుందో ఈ-వాల్యూ అనే కొలతతో చెప్పండి.

ఉద్యోగం విషయం. జిల్లా ఎపిడెమియాలజిస్ట్ పోస్టుకి వ్యాధి విజృంభణల పరిశోధన, నిఘా డేటా మీద పట్టు ముందు చూస్తారు, డ్యాగ్ అక్కడ అదనం. పీహెచ్‌డీ, హైదరాబాద్‌లోని ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) లాంటి సంస్థల్లో పరిశోధన పోస్టులు, ఫార్మా కంపెనీల రియల్ వరల్డ్ ఎవిడెన్స్ (రోజువారీ వైద్య రికార్డుల్లోంచి ఆధారాలు తీయడం) పనుల్లో మాత్రం ‘ఈ వేరియబుల్ ఎందుకు పెట్టారు?’ అన్న ప్రశ్నకి జవాబు చెప్పగలగడమే అసలు అర్హత. దానికి డ్యాగ్‌తో పాటు ‘ఆర్’ కూడా రావాలి. మొదట హార్వర్డ్ వాళ్ల ‘కాజల్ డయాగ్రమ్స్’ (Causal Diagrams) ఆన్‌లైన్ కోర్సు చేయండి. ఆ తర్వాత ఎపిడెమియాలజీలో డ్యాగ్‌ల వాడకం మీద గ్రీన్‌ల్యాండ్, పెర్ల్, రాబిన్స్ 1999లో రాసిన వ్యాసం చదవండి.

గైడ్ దగ్గరికి రిగ్రెషన్ అవుట్‌పుట్‌తో వెళ్లకండి. ఒక పేజీలో బొమ్మ, ప్రతి బాణానికి ఒక వాక్యం కారణం రాసి తీసుకెళ్లండి. ‘సార్, వీటిలో ఏ బాణం తప్పు, ఏది వదిలేశాను?’ అని అడగండి. పీ విలువల మీద వాదన కన్నా ఈ ప్రశ్నకి ఆయన తేలిగ్గా జవాబిస్తారు. ఆ సవరణలన్నీ డేటా తెరిచేలోపే పూర్తి చేసి, తేదీ వేసి ప్రోటోకాల్‌కి జత చేయండి.