1960ల కథ చెప్పే సినిమాలో సోల్ పాట మూడ్‌ని ఎలా తెస్తుంది?

మీరు అడిగింది ఇది: 1960లు, 70ల అమెరికా కథలతో వచ్చే సినిమాల్లో ఒక సోల్ పాట (చర్చి పాటలూ, ఆర్ అండ్ బీ కలిసి పుట్టిన నల్లజాతి అమెరికన్ల సంగీతం) మొదలవగానే మనం ఆ కాలంలోకి వెళ్ళిపోతాం. మరి చిన్న బడ్జెట్‌లో తీసేవాళ్ళు అలాంటి పాటే పెట్టినా అతికించినట్టు ఎందుకుంటుంది? మ్యూజిక్ ఎడిటింగ్ వైపు నుంచి జవాబు రాస్తున్నాను, కాబట్టి కొంత సాంకేతికంగానే ఉంటుంది.

పాట ఎంచుకునే ముందు నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. ఈ సీన్లో ఈ పాటని ఎవరు, ఏ పెట్టెలోంచి, ఏ తేదీన వింటున్నారు? చాలామంది దీన్ని వదిలేసి 'అరవైల ఫీల్ ఉన్న పాట' కోసం వెతుకుతారు. అప్పుడు చేతికి దొరికేది ప్రకటనల్లో అరిగిపోయిన పాటే. దాంతో ప్రేక్షకుడికి దశాబ్దం తెలుస్తుంది గానీ, ఆ గదిలో ఉన్న మనుషుల గురించి ఏమీ తెలియదు.

ముందు తేదీ సంగతి. రికార్డయిన రోజు వేరు, సింగిల్‌గా (ఆల్బమ్‌తో సంబంధం లేకుండా విడి పాట రికార్డుగా) విడుదలైన రోజు వేరు, రేడియోలో మోగిపోయిన వారాలు వేరు. సోల్ గాయకుడు సామ్ కుక్ 'ఎ చేంజ్ ఈజ్ గోన్నా కమ్' రికార్డు చేసింది 1964 జనవరి 30న. ఫిబ్రవరి 7న జానీ కార్సన్ టీవీ షోలో పాడాడు. ఆల్బమ్‌లో ఒక పాటగా ఆ ఏడాది మొదట్లోనే బయటికొచ్చింది. సింగిల్‌గా వచ్చింది మాత్రం డిసెంబరు 22న. అప్పటికి కుక్ కాల్పుల్లో చనిపోయి పదకొండు రోజులైంది. 1964 వేసవిలో జరిగే సీన్లో బార్‌లోని జ్యూక్‌బాక్స్ (నాణెం వేస్తే కోరిన రికార్డు వాయించే పెట్టె) ఈ పాట వాయిస్తే తప్పు, ఎందుకంటే జ్యూక్‌బాక్స్‌లోకి ఎక్కేవి 45 ఆర్‌పీఎం సింగిల్స్, అంటే చిన్న రికార్డులు. అదే వేసవిలో ఎవరో ఇంట్లో ఎల్పీ (ఆల్బమ్ మొత్తం ఉండే పెద్ద రికార్డు) పెట్టుకుని వింటే ఏ ఇబ్బందీ లేదు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సింగిల్ కోసం ఒక చరణం తీసేశారు. సినిమాకి వెళ్ళినా, ఊరి నడిబొడ్డుకి వెళ్ళినా ఇక్కడ తిరగొద్దని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారనే అర్థం వచ్చే చరణం అది. వర్ణవివక్షని సూటిగా పట్టుకున్నది ఆ చరణమే. 1965 జనవరిలో కారు రేడియోలో సింగిల్ మోగుతున్నట్టు చూపిస్తే ఆ చరణం వినిపించకూడదు. ఇప్పుడు స్ట్రీమింగ్‌లో దొరికే ఫైలు తెచ్చి టైమ్‌లైన్ మీద పడేసేవాళ్ళకి ఏది ఏ వెర్షనో పట్టదు.

తేదీలు సరిచూడటానికి చార్టులు చూస్తాం కదా, అక్కడా ఒక గొయ్యి ఉంది. బిల్‌బోర్డ్ పత్రిక 1963 నవంబరు చివర ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) సింగిల్స్ చార్టుని ఆపేసి 1965 జనవరిలో గానీ మళ్ళీ మొదలుపెట్టలేదు. 1964లో నల్లజాతి పేటల్లో ఏ పాటలు ఆడాయో తెలియాలంటే క్యాష్‌బాక్స్ పత్రిక చార్టు చూడాలి. తన ఆర్ అండ్ బీ చార్టుకి బిల్‌బోర్డ్ 'సోల్' అని పేరు మార్చింది 1969 ఆగస్టులో. కాబట్టి 1965 కథలో రికార్డు షాపు గోడ మీద 'సోల్ చార్ట్' అని పోస్టరు కనిపిస్తే ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌ని ఒకసారి ఆపి అడగండి.

అలాగని ప్రతి పాటా కథ జరిగే నెలదే అయి ఉండాలని కాదు. మనుషులు రెండు మూడేళ్ళ కిందటి పాటలే ఎక్కువగా వింటారు. 1969 కథకి 1966, 67 పాటలు సహజంగా నప్పుతాయి. సీన్లో అందరూ ఆ వారం హిట్టే వింటుంటే గదికి గతం లేనట్టుంటుంది.

తేదీని తెలిసి జరపడం మాత్రం దర్శకుడి హక్కు. 'వన్ నైట్ ఇన్ మయామి' (2020) కథ 1964 ఫిబ్రవరి 25 రాత్రి జరుగుతుంది. ఆ రాత్రి నల్లజాతి నాయకుడు మాల్కం ఎక్స్, తెల్లజాతి గాయకుడు బాబ్ డిలన్ రికార్డు పెట్టి, నువ్వెందుకు ఇలాంటి పాట రాయలేదని కుక్‌ని గుచ్చుతాడు. చివర్లో కుక్ టీవీలో 'ఎ చేంజ్' పాడతాడు. నిజానికి రికార్డింగూ, టీవీ కార్యక్రమమూ రెండూ ఆ రాత్రికి ముందే అయిపోయాయి. ఈ మార్పు నాకు అభ్యంతరంగా అనిపించదు, ఎందుకంటే సినిమా మొత్తం ఆ వాదన మీదే నిలబడింది. అక్కడ పాట వాదనకి జవాబుగా వస్తుంది. 'బ్లాక్‌క్లాన్స్‌మన్' (2018) ఇంకో రకం. నల్లజాతి పోలీసు ఒకరు కూ క్లక్స్ క్లాన్‌లోకి చొరబడిన అసలు కేసు 1978లో మొదలైంది, సినిమా దాన్ని డెబ్భైల తొలి ఏళ్ళకి జరిపింది. దాంతో డాన్సు సీన్లో 1972 నాటి 'టూ లేట్ టు టర్న్ బ్యాక్ నౌ' పెట్టే వీలు దొరికింది. 1978 అయి ఉంటే ఆ హాలులో డిస్కో మోగేది, మూడ్ పూర్తిగా వేరేలా ఉండేది. ఆ పాటని ఏదో రెండు లైన్లు వినిపించి వదలకుండా చాలాసేపు నడవనిస్తారు. ఉద్యమకారులుగా మాత్రమే చూసిన కుర్రాళ్ళని అక్కడ సరదాగా ఆడుతూ చూస్తాం. ప్రేమపాట చేసిన పని అది, నినాదాలున్న పాట చేయలేనిది.

లిరిక్ గురించి చెప్పాల్సింది కూడా ఇక్కడే ఉంది. సీన్లో జరుగుతున్నదాన్నే పాట కూడా చెప్తుంటే రెండిట్లో ఒకటి దండగ. 'మాల్కం ఎక్స్' (1992)లో 'ఎ చేంజ్' వాడిన తీరు చూడండి. 1965 ఫిబ్రవరి 21న మాల్కం తను హత్యకి గురికాబోయే సభాస్థలి ఆడుబాన్ బాల్‌రూమ్‌కి బయల్దేరతాడు. చంపబోయేవాళ్ళు ఒక దారిలో, భార్యాపిల్లలు మరో దారిలో అక్కడికే వస్తుంటారు. పాటేమో మంచి రోజులు వస్తాయంటుంది. ఏం జరగబోతోందో మనకి తెలుసు, పాటకి తెలియదు. గుండె పట్టేసేది అక్కడే. అదే చోట చావు గురించిన పాట పెట్టి ఉంటే సీన్ సగానికి పడిపోయేది. కాలం లెక్క కూడా సరిపోయింది: సింగిల్ వచ్చి అప్పటికి రెండు నెలలే.

ఇక పెట్టె సంగతి, అంటే పాట ఏ స్పీకర్లోంచి వస్తోందన్నది. షార్ట్ ఫిల్ముల్లో ఎక్కువగా చెడేది ఇక్కడే. అన్నిటికీ ఒకే 'పాత రేడియో' ఫిల్టరు వేసేస్తారు. చేతిలో పట్టుకునే ట్రాన్సిస్టర్ అయితే 400 హెర్ట్జ్ కింద, 4 కిలోహెర్ట్జ్ పైన కోసేయండి. డాష్‌బోర్డులో ఒకే స్పీకరున్న కారు ఏఎం రేడియోకి 150 నుంచి 200 హెర్ట్జ్ దాకా కింద కోసి, పైన 5 కిలోహెర్ట్జ్ దగ్గర ఆపండి, కొంచెం డిస్టార్షన్ కలపండి. జ్యూక్‌బాక్స్ పూర్తిగా వేరు. అది పెద్ద స్పీకర్లున్న బరువైన పెట్టె, బేస్ బాగా పలుకుతుంది. దాని బేస్ తీసేస్తే బార్ మొత్తం టెలిఫోన్లో ఉన్నట్టుంటుంది. బేస్ ఉంచి, 8 కిలోహెర్ట్జ్ పైన మెత్తగా తగ్గించి, గది ప్రతిధ్వని కలిపితే సరిపోతుంది.

ఫిల్టరు కన్నా మంచి పద్ధతి ఒకటుంది. పాటని నిజంగానే ఒక గదిలో స్పీకర్లో వాయించి, మైకుతో మళ్ళీ రికార్డు చేయడం. 1962 కథ అయిన 'అమెరికన్ గ్రాఫిటీ' (1973) కోసం సౌండ్ డిజైనర్ వాల్టర్ మర్చ్ ఇలాగే చేశాడు, ఈ పద్ధతికి వరల్డైజింగ్ అని పేరు. షార్ట్ ఫిల్ముకి కూడా ఇది సాధ్యమే. మైకుని స్పీకరుకి ఒక మీటరు దూరంలో పెట్టి ఒకసారి, గది అవతలి మూలనో తలుపు బయటో పెట్టి ఇంకోసారి రికార్డు చేయండి. అసలు ట్రాకుతో కలిపి మూడూ పక్కపక్కన పెట్టుకుని, కెమెరా దగ్గరైనప్పుడు ఒకటి పెంచి, దూరమైనప్పుడు ఇంకొకటి పెంచండి. మూడు ట్రాకుల వేవ్‌ఫార్మ్‌లు మొదటి బీట్ దగ్గర సరిగ్గా కూర్చోవాలి, లేకపోతే స్నేర్ డ్రమ్ రెండుసార్లు కొట్టినట్టు వినిపిస్తుంది.

రేడియోలో మొదలైన పాట ఆర్‌ఆర్‌గా (నేపథ్య సంగీతంగా) మారడం అనేది ఈ జాన్రాలో అందరూ వాడే ఎత్తు, బాగా చేస్తే అద్భుతంగా ఉంటుంది. సన్నటి శబ్దంగా సెంటర్ స్పీకర్లో మొదలుపెట్టండి. ఒక కట్ దగ్గర, పల్లవి మొదలయ్యే చోట, రెండు మూడు సెకన్లలో ఫిల్టరు తెరిచి ఎడమ, కుడి స్పీకర్లలోకి పరచండి. సంభాషణ మధ్యలో తెరిస్తే మాట మునిగిపోతుంది, ఎందుకంటే గాయకుడి గొంతూ నటుడి మాటా ఒకే 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య పోటీ పడతాయి. పాట వాల్యూమ్ మొత్తం దించేకంటే ఆ పరిధిలో 2, 3 డీబీ తగ్గించి, డైలాగుల్ని పాడే లైన్ల మధ్య ఖాళీల్లోకి జరిపితే రెండూ బతుకుతాయి.

వెర్షన్ విషయంలో మోనో (ఎడమ, కుడి తేడా లేని ఒకే ఛానెల్) సింగిల్ దొరికితే అదే తీసుకోండి. అప్పట్లో రేడియో వాయించింది అదే, డెట్రాయిట్ రికార్డు కంపెనీ మోటౌన్‌లో మిక్స్‌ని కారు స్పీకరు లాంటి చిన్నదాని మీద విని మరీ సరిచూసుకునేవారు. ఆ కాలపు స్టీరియో మిక్స్‌ల్లో డ్రమ్స్ పూర్తిగా ఒక పక్కకి, గొంతు ఇంకో పక్కకి తోసేసినవి ఉన్నాయి. థియేటర్లో గాయకుడు ఎడమ గోడ దగ్గర నిలబడినట్టు ఉంటుంది. విడి ట్రాకులు దొరికితే మాత్రం వేరే దారి తెరుచుకుంటుంది. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన నల్లజాతి సైనికుల కథ 'డా 5 బ్లడ్స్' (2020)లో మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' (1971)ని వాద్యాలన్నీ తీసేసి, గొంతు మాత్రమే వినిపిస్తారు. లక్షలసార్లు విన్న పాట అక్కడ ఒక మనిషి దగ్గరగా కూర్చుని అడుగుతున్నట్టు ఉంటుంది.

కటింగ్ దగ్గర ఒక లెక్క గుర్తుంచుకోండి. సెకనుకి 24 ఫ్రేములు కాబట్టి 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో బీట్‌కి 12 ఫ్రేములు, 72 బీపీఎం నెమ్మది పాటలో 20 ఫ్రేములు. కానీ సోల్ రికార్డులు క్లిక్ ట్రాక్ (వేగం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్) లేకుండా వాయించినవి, పల్లవిలో కాస్త పరుగెత్తుతాయి. సాఫ్ట్‌వేర్ గ్రిడ్‌ని నమ్మి కోస్తే రెండో నిమిషానికి కట్‌లన్నీ బీట్ తప్పుతాయి. పాట మొదటి నుంచి చివరిదాకా చేత్తో బీట్ మార్కర్లు పెట్టుకోండి. ప్రతి కట్‌నీ స్నేర్ మీదే కోస్తే ప్రకటనలా తయారవుతుంది. బొమ్మని స్నేర్‌కి రెండు ఫ్రేములు ముందు మార్చడం నా అలవాటు, కంటికి హాయిగా ఉంటుంది.

ఊరు కూడా చూసుకోవాలి. డెట్రాయిట్ మోటౌన్ శబ్దం వేరు: వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్ ఇంట్లోని స్టూడియో, జేమ్స్ జేమర్సన్ బేస్ గిటార్, టాంబరిన్, పైన తీగవాద్యాలు, వంతపాట. మెంఫిస్‌లోని రికార్డు కంపెనీ స్టాక్స్ శబ్దం వేరు: పాత సినిమా హాలుని స్టూడియోగా మార్చారు, నేల వాలుగానే ఉండేది, గొంతుకి వంత పాడేవి ట్రంపెట్లు, సాక్సోఫోన్లు. 1965 నుంచి అక్కడ రెండో, నాలుగో బీట్‌ని ఒక వెంట్రుకవాసి ఆలస్యంగా కొట్టడం అలవాటైంది, బరువంతా దాంట్లోనే ఉంది. దక్షిణాది చిన్న ఊరి కథకి మోటౌన్ నప్పదని అనను, రేడియో అంతటా చేరింది. కానీ ఆ ఊరి చెమట వాసన రావాలంటే మెంఫిస్, అలబామా మజిల్ షోల్స్ రికార్డులే దగ్గర. కొత్తగా ట్యూన్ చేయిస్తే బేస్ గిటార్‌కి ఫ్లాట్‌వౌండ్ (నున్నటి) తీగలు, తీగలు ఆనే బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క, స్నేర్ మీద మడిచిన గుడ్డ, డ్రమ్స్‌కి ఒకటి రెండు మైకులు చాలు. అందర్నీ ఒకే గదిలో కలిపి వాయించమనండి. ఒకరి మైకులోకి ఇంకొకరి శబ్దం చొరబడటం ఆ రికార్డుల ఒంట్లోనే ఉంది.

అనుమతుల్లో ఎక్కువమంది పొరబడే సంగతి: పాత పాట కాబట్టి ఉచితం అనుకోవడం. 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన రికార్డింగులకి అమెరికాలో 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. పైగా అనుమతులు రెండు కావాలి: పాట రాసినవాళ్ళ వైపు నుంచి ఒకటి, ఆ రికార్డింగ్ యజమాని నుంచి ఒకటి. ఒకటి వచ్చి రెండోది రాకపోతే చేతిలో ఏమీ లేనట్టే. చవకగా అదే గాయకుడి పాట దొరికిందంటే రికార్డింగ్ సంవత్సరం చూడండి. చాలామంది తమ హిట్లని తర్వాతి దశాబ్దాల్లో వేరే కంపెనీలకి మళ్ళీ పాడారు, డ్రమ్స్ వినగానే తెలిసిపోతుంది. రెండు సంతకాలూ పడకముందే ఎడిట్‌ని ఒకే పాట మీద లాక్ చేయకండి. అదే టెంపోలో ఉన్న ఇంకో పాటని పక్క ట్రాకులో మ్యూట్ చేసి పెట్టుకుంటే, ఫైనల్ మిక్సింగ్ ముందు రోజు అనుమతి రాదని తేలినా కట్‌లు కదపాల్సిన పని ఉండదు.