గుంటూరులో ఆడిట్ ఆఫీసు పెడుతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి,

బాబాయ్ ఆశీస్సులు. నువ్వూ నీ ఇద్దరు స్నేహితులూ కలిసి గుంటూరులో ఆఫీసు తెరుస్తున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషం. ఏ సాఫ్ట్‌వేర్ కొంటే బాగుంటుందో బాబాయ్‌ని కనుక్కోమన్నావట. అది తర్వాత చూద్దాం. మీ ఆఫీసులో అందరికంటే చిన్నవాళ్లు ధైర్యంగా నోరు విప్పగలరా లేదా, ముందు అది చూసుకోండి. నేను చూసినంతలో, ఆడిట్ ఆఫీసుల్లో పనికొచ్చిన కొత్త పద్ధతులు చాలావరకు పొద్దస్తమానం బిల్లులతో కుస్తీ పట్టే ఆర్టికల్స్, అంటే సీఏ శిక్షణకు వచ్చిన పిల్లల దగ్గరే పుట్టాయి.

మా ఆఫీసులో జరిగింది చెబుతాను. 2022 జనవరి నుంచి జీఎస్టీఆర్-2బీలో, అంటే సప్లయర్లు జీఎస్టీ పోర్టల్లో ఎక్కించిన బిల్లుల నెలవారీ పట్టికలో, కనిపించిన బిల్లులకే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ల మీద కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకోవడం) అన్నారు కదా. 2బీ వచ్చేది 14న. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు 3బీ, అంటే పన్ను కట్టే రిటర్ను, గడువు 20. ఆ మధ్యలోనే క్లయింట్లందరి కొనుగోళ్లూ సరిచూడాలి. చిక్కంతా బిల్లు నంబర్ల దగ్గరే. సప్లయర్ పోర్టల్లో ‘ఎస్‌టీ/0147’ అని ఎక్కిస్తాడు, మన క్లయింటు గుమస్తా టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఉత్త ‘147’ కొడతాడు. ఎక్సెల్‌కి అవి రెండు వేర్వేరు బిల్లులు. మా సీనియర్లు ఒక్కో లైనూ కంటితో చూసి టిక్కులు పెట్టేవాళ్లు.

కొత్తగా చేరిన ఆర్టికల్ అమ్మాయి ఒకరోజు, “సార్, బిల్లు నంబరు వదిలేసి ముందు జీఎస్టీ నంబరూ, పన్ను మొత్తమూ కలిపి పోల్చుదాం. మిగిలిన వాటికి మాత్రం నంబరులో చివరి అంకెలు చూద్దాం” అంది. పక్కనే ఉన్న మా సీనియర్ అసిస్టెంటు, “ఒకే సప్లయర్ ఒకే మొత్తానికి రెండు బిల్లులిస్తే?” అన్నాడు. మంచి ప్రశ్న. అలాంటివి పసుపు రంగులో విడిగా కనబడేలా ఇద్దరూ కూర్చుని ఫార్ములా రాశారు. ఆ నెల నుంచి కంటితో చూడాల్సినవి కొద్ది లైన్లే మిగిలాయి. ఆలోచన ఆ అమ్మాయిది, అందులో లొసుగు పట్టింది అనుభవం ఉన్నవాడు. ఇద్దరిలో ఒక్కరే ఉండుంటే ఆ పని అంత పక్కాగా అయ్యేది కాదు.

అందుకని సోమవారం పొద్దున్నే ఒక పావుగంట అందరూ కూర్చోండి. “పోయినవారం ఏ పని చేస్తుంటే విసుగొచ్చింది?” అని అడగండి. ముందు ఆర్టికల్స్ మాట్లాడాలి, పార్ట్‌నర్లు చివర. క్లయింట్లు బిల్లుల ఫొటోలు ఒక్కొక్కరి సొంత వాట్సాప్‌కి పంపుతున్నారనీ, ఆ మనిషి సెలవు పెడితే పని ఆగిపోతోందనీ అందులోనే బయటపడుతుంది. ఆఫీసుకంటూ ఒకే నంబరు పెడితే సగం టెన్షన్ పోతుంది. ఇంకో మాట, ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అది కూడా సెప్టెంబరులో వద్దే వద్దు. టాక్స్ ఆడిట్ల హడావిడిలో కొత్త పద్ధతి పెడితే ఎవరికీ తలకెక్కదు.

2023 జూలై నుంచి ఆర్టికల్‌షిప్ మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. అంటే పిల్లలు పని నేర్చుకుని చేయి తిరిగేసరికి వెళ్లిపోతారు. మిర్చి యార్డు కమీషన్ వ్యాపారి లెక్కల్లో రైతు సరుకేది, అతను సొంతంగా కొన్నదేది, కోల్డ్ స్టోరేజీలో ఎవరి పేరుమీద ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) ఉన్నాయి అన్నవి ఒక్కడి బుర్రలోనే ఉంటే వాడితోపాటే పోతాయి. ప్రతి క్లయింటు సంగతీ ఇద్దరికి తెలిసి ఉండాలి. ఒక్కో క్లయింటుకీ ఒక పేజీ రాయించండి, ఏటా సరిదిద్దించండి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ వ్యవహారం బయటపడినప్పుడు, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఛైర్మనే లేఖ రాశారు. హైదరాబాదు కంపెనీ కావడంతో మన ఆడిటర్ల మధ్య చాలా రోజులు అదే చర్చ. బ్యాంకు బ్యాలెన్సు ధ్రువీకరణ బ్యాంకు నుంచి నేరుగా మన ఆఫీసుకే రావాలని మీకు పాఠాల్లో చెప్పే ఉంటారు. కానీ ఆ కాగితం మొదట పట్టుకునేది ఆర్టికల్ కుర్రాడు. “ఇది క్లయింటే తెచ్చిచ్చాడు సార్” అని చెప్పడానికి వాడు జంకితే, ఆ నియమం ఉన్నా లేనట్టే. వాడి అనుమానం వట్టిదని తేలినా సరే, అడిగినందుకు అందరి ముందూ మెచ్చుకో. పని ఆలస్యమైందని మాత్రం విసుక్కోకు తల్లీ.

ఇక సాఫ్ట్‌వేర్ సంగతి. మొదటి ఏడాది టాలీ, ఎక్సెల్, అందరికీ కనిపించే ఒక వర్క్ లిస్టు చాలు. ఏ పని దేనికి ఆగిందో, ఎవరి చేతిలో ఉందో ఆ లిస్టులో ఉండాలి. ఏఐ వాడండి, నేను వద్దనను. అయితే క్లయింటు పేరు, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్ ఊరికే దొరికే యాప్‌లలో పెట్టొద్దని మొదటి రోజే అందరికీ చెప్పు. క్లయింటు సమాచారం అనుమతి లేకుండా బయటపెట్టడం 1949 సీఏ చట్టం కింద వృత్తిపరమైన తప్పు. ఏఐ ఇచ్చిన జవాబు తప్పైనా యూడీఐఎన్ (సీఏ సంతకం చేసిన పత్రానికి ఇచ్చే గుర్తింపు నంబరు) పడేది నీ సంతకానికే.

చివరగా మీ ముగ్గురి సంగతి. “నా క్లయింట్లు, నీ క్లయింట్లు” అని లాభాలు పంచుకుంటే, ఒకరు కనిపెట్టిన మంచి పద్ధతి ఇంకొకరికి చెప్పాలనిపించదు. ఒకే కప్పు కింద మూడు ఆఫీసులు నడుస్తాయి. అలా విడిపోయినవాళ్లను చూశాను. వచ్చిన ఫీజంతా ఒకే ఖాతాలోకి వచ్చి, ముందే అనుకున్న వాటాల్లో పంచుకునేలా రాసుకోండి. కొత్త పద్ధతి మీద, ఆర్టికల్స్‌కి నేర్పడం మీద పెట్టిన సమయం కూడా పనిగానే లెక్క కట్టాలని పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఒక క్లాజు పెట్టండి. డ్రాఫ్ట్ అవగానే, సంతకాలకు ముందు నాకు పంపించు. చదివి చెబుతాను.

ఇట్లు,
మీ బాబాయ్