ఎద్దుకు పై పళ్లు ఎప్పుడొస్తాయని అడిగిన రోజు

"ముక్కూ మొహం తెలియనివారితో వాళ్లకు ఇష్టమైన విషయం గురించి మాట్లాడితే నిజంగా దగ్గరితనం ఏర్పడుతుందా, లేక అది వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో రాసుకునే మాటేనా?" అని అడిగారు. ఏర్పడుతుంది. కాకపోతే ఆ మాటను మొదలుపెట్టడం మనలో చాలామందికి చేతకాదని నా గట్టి అభిప్రాయం. మొన్నమొన్నటిదాకా చేతకానివాళ్లలో నేనూ ఒకణ్ణి.

కొత్త మనిషి ఎదురుపడగానే మన తెలుగువాళ్ల నోటికి వచ్చే ప్రశ్నలు మూడే మూడు: మీదే ఊరు, ఏం చేస్తుంటారు, ఇంటిపేరేమిటి. ఇంటిపేరు అడిగేవారికి ఇంటిపేరుతో పని ఉండదన్న సంగతి అడిగేవారికీ తెలుసు, చెప్పేవారికీ తెలుసు. ఆ జవాబు వినగానే ఎదుటి మనిషిని ఏ గూట్లో పెట్టాలో తేలిపోతుంది కాబట్టి ఇక మాట్లాడవలసిన అవసరమే తీరిపోతుంది. కాస్త చదువుకున్నవాళ్లమైతే ఇంటిపేరు అడగడానికి సిగ్గుపడి, పెళ్లి భోజనాల బంతిలో కూర్చుని పిల్లవాడి ప్యాకేజీ ఎంతని అడుగుతాము. రెండింటి పనీ ఒకటే.

"మీ అభిరుచులేమిటి" అని అడగడం ఇంకా దండగ. అది దరఖాస్తు ఫారంలో ఒక గడి. ఆ గడిలో అందరమూ పుస్తకాలు చదవడం, పాటలు వినడం అనే రాసి ఊరుకుంటాము. మనిషి ప్రాణం పెట్టుకున్న విషయానికి ఇంట్లోవాళ్లు వాడే మాట ఒకటుంది, అది పిచ్చి. పావురాల పిచ్చి, నాటకాల పిచ్చి, మొక్కల పిచ్చి అని భార్యాపిల్లలు విసుక్కుంటూ అంటారు చూడండి, కొత్తవారితో మాట కలపాలంటే వెతుక్కోవలసింది దానిని. నాకు ఈ సంగతి ఒక రైలు ప్రయాణంలో తెలిసింది.

2024లో శివరాత్రి వెళ్లిన వారానికి గుంటూరు నుంచి నంద్యాలకు బయలుదేరాను. సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేయడం నా వృత్తి కావడంతో ఆ దారి నాకు బాగా అలవాటు. నరసరావుపేటలో ఒక పెద్దాయన ఎక్కి, ఉలవల గోనెసంచి ఒకటి నా కాళ్ల దగ్గరకు తోసి, ఎదురు సీట్లో కూర్చున్నారు. కూర్చోగానే ఫోను తీసి, పెట్టెలో అందరికీ వినబడేటంత శబ్దంతో ఒక వీడియో పెట్టారు. రైళ్లలో ఈ బాధ గురించి వేరే చెప్పనక్కరలేదు. ఇయర్‌ఫోన్లు యాభై రూపాయలకు దొరుకుతున్న కాలంలో ఒకరి భక్తిపాటలు, మరొకరి రీళ్లు, ఇంకొకరి అత్తాకోడళ్ల సీరియలు అందరమూ కలిసి వినవలసిన ఖర్మ ఎందుకో నాకు ఎంతకూ అర్థం కాదు. ఆయన ఫోనులోనుంచి మైకు పట్టుకున్న మనిషి ఎవరో అడుగులు లెక్కపెడుతూ గొంతు చించుకుంటున్నాడు. వీడియో అయిపోగానే ఆయన మళ్లీ మొదటినుంచి పెట్టేవారు.

నాలుగోసారికి, మాటల్లో పెడితే ఫోను జేబులో పెట్టుకుంటారేమోనన్న ఆశతో పలకరించాను. "మీదే ఊరండీ?" అంటే "ఇక్కడే సారూ" అన్నారు. "వ్యవసాయమా?" అంటే "ఆఁ, అదే" అన్నారు. అంతటితో మా పరిచయం ముగిసింది. ఆయన మళ్లీ వీడియో పెట్టారు, నేను కిటికీలోనుంచి వినుకొండ కొండను చూస్తూ కూర్చున్నాను.

దొనకొండలో బండి ఆగింది. ముందు లైనులో గూడ్సు బండి ఏదో నిలిచిపోయిందన్నారు, గంటన్నర కదల్లేదు. మార్చి నెల ఎండ రేకు మీదనుంచి దిగుతోంది. ఇక ఉండబట్టలేక, కొంచెం శబ్దం తగ్గించమని చెబుదామనే నోరు తెరిచాను గానీ, ఆ క్షణాన మైకు మనిషి కేక మరీ ఉద్వేగంగా వినిపించడంతో నా నోటివెంట వేరే మాట వచ్చింది. "ఎవరు గెలిచారు?" అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను మొదటిసారి సరిగా చూశారు. "మనం గెలవలా. పదకొండు అడుగుల్లో పోయింది" అన్నారు. అప్పుడు ఫోను నా వైపు తిప్పారు. తెల్లటి ఒంగోలు గిత్తల జత ఒకటి బండరాయిని ఈడ్చుకుంటూ పోతోంది, ఇరువైపులా జనం అరుస్తున్నారు. తిరునాళ్లలో జరిగిన బండలాగుడు పోటీ అది. ఆ జత ఆయనదే. పదకొండు అడుగులు ఎక్కడ పోయాయో కనిపెట్టడానికి ఆయన వారం రోజులుగా ఆ వీడియోనే చూస్తున్నారట.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. చదువుకున్నవాళ్లందరం చేసే తప్పే. ఆయనకు నచ్చుతుందనుకుని, ఒంగోలు జాతి గురించి నాకు తెలిసినదంతా ఒలకబోశాను. మన పశువులు పంతొమ్మిదో శతాబ్దంలోనే బ్రెజిల్ చేరాయని, అక్కడ వాటిని నెల్లూరు పేరుతో నెలోరె అంటారని, ఆ దేశపు మందల్లో ఎక్కువ భాగం వాటి సంతతేనని, 2023లో వయాటినా-19 అనే ఆవు విలువ వేలంలో నలభై లక్షల డాలర్లు దాటిందని చెప్పుకుంటూ పోయాను. ఆయన ఓపికగా విన్నారు. "మా ఒంగోలు దగ్గర కరవది నుంచి కూడా ఒక గిత్త పోయింది, అరవైల్లో. ఆ ఊరి పేరే పెట్టుకున్నారంట దానికి" అన్నారు. నా పాఠానికి మించిన సంగతి ఆయన దగ్గర ముందే ఉంది. ఆ తరువాత, "అయినా సారూ, వాళ్లు పెంచేది మాంసానికి. కాడి మొహం చూడని గొడ్డు ఎన్ని డాలర్లయితే నాకేంది" అని మొహం కిటికీ వైపు తిప్పుకున్నారు. మాట మళ్లీ తెగబోయింది.

దాన్ని నిలబెట్టింది నా అజ్ఞానం. ఏదో ఒకటి అడగాలి కదా అని, ఈ జత ఏ విభాగంలో పోటీ పడిందని అడిగితే "ఆరు పళ్లు" అన్నారు. పశువుల వయసును పళ్లతో లెక్కగట్టి పోటీల్లో జతలను విడగొడతారన్నంతవరకు నేను విన్నాను. అందుకని చాలా తెలిసినవాడిలా, "ఆరూ కింద పళ్లేనా? పై పళ్లు ఎప్పుడొస్తాయి?" అని అడిగాను.

ఆయన ఒక్క నిమిషం నా మొహం చూసి, నవ్వడం మొదలుపెట్టారు. పక్క వరసలో పల్లీలు తింటున్న ఆవిడ కూడా నవ్వింది. "పై పళ్లు రావడం ఏంది అబ్బాయ్! గొడ్డుకి పైన ముందు పళ్లే ఉండవు. ఉండేది చిగురే" అన్నారు. అంతవరకు సారూ అన్న మనిషి ఆ క్షణం నుంచి నన్ను అబ్బాయ్ అన్నారు. నేనూ పెద్దాయనా అనడం మాని బాబాయ్ అనడం మొదలుపెట్టాను.

ఆ తరువాతి గంటలో నాకు దక్కిన చదువు ఏ కళాశాలలోనూ దొరకదు. పాలపళ్లు పోయి మొదటి రెండు పళ్లు రావడానికి దాదాపు రెండేళ్లు పడుతుందని, ఆపైన జతలు జతలుగా వచ్చి నాలుగేళ్లు దాటాక ఎనిమిదీ నిండుతాయని, మేత గట్టిగా ఉన్నచోట పళ్లు కొంచెం ముందూ వెనుకా అవుతాయని చెప్పారు. ఉడికించిన ఉలవలు ఎంత పెట్టాలి, పత్తిగింజలు ఏ నెలలో ఆపాలి, ఎండలో పరుగు తీయించిన రోజున నీళ్లు వెంటనే ఎందుకు పెట్టకూడదు అన్నవాటికి ఆయన దగ్గర కారణాలు ఉన్నాయి; వాటిలో కొన్ని శాస్త్రమో, కొన్ని నమ్మకమో విడదీయడం నా వల్ల కాలేదు. మూపురం నిలబడినంత మాత్రాన ఎద్దు పనికి రాదని, వెనుక కాళ్ల మధ్య దూరం చూడాలని, గంగడోలు అందానికే గాని బండకు కాదని అన్నారు. సుళ్ల గురించి మొదలుపెట్టారుగానీ, వాటి శుభాశుభాల దగ్గర ఆయనకే నమ్మకం సన్నగిల్లినట్టుంది, దాటేశారు.

ఇంతకీ పదకొండు అడుగుల సంగతి. వీడియో ఆపి, వేలితో చూపించారు. మలుపు దగ్గర ఎడమ గిత్త ఒక్క క్షణం తల ఎగరేసింది. "మా చిన్నోడు తోలితే ఈ మలుపులో గాలిలా తిరుగుతాయి. ఆ రోజు వాడికి జ్వరం, పెద్దోడు పట్టుకున్నాడు. పెద్దోడి చెయ్యి వాటికి తెలవదు" అన్నారు. ఆ జత లాగిన దూరం 2,912 అడుగులు. మొదటి బహుమతి తీసుకున్న జతది 2,923. ఆ రెండు అంకెలను ఆయన చెప్పిన తీరులో, సంఘం లెక్కల్లో పదకొండు రూపాయల తేడా దొరకక అర్ధరాత్రిదాకా కూర్చునే నా మొహం నాకు కనిపించింది.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ పోటీలంటే నాకు ఇష్టం లేదు. 2014 మేలో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించినప్పుడు సంతోషించినవాణ్ణి. 2023 మేలో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టసవరణలను అదే కోర్టు సమర్థించినప్పుడు మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. ఆయనను నేను ఏ చర్చావేదిక మీదనో కలుసుకుని ఉంటే మొదటి నిమిషంలోనే హింస అన్న మాట వాడి ఉండేవాణ్ణి, ఆయన సంప్రదాయం అన్న మాట వాడి ఉండేవారు, ఇద్దరమూ నెగ్గామనుకుని ఇళ్లకు పోయేవాళ్లం. దొనకొండలో మాత్రం, కర్రతో కొడితే ఎక్కువ అడుగులు వస్తాయా బాబాయ్ అని అడిగాను. ఆయన మొహం గంభీరమైంది. కర్ర తగిలిన ఎద్దు బెదురుతుందని, బెదిరితే అడుగు పక్కకు పడుతుందని చెప్పి, తోక మెలిపెట్టి లాగించేవాళ్ల గురించి ఇక్కడ రాయలేని మాటలు అన్నారు. ఆ తిరునాళ్లలోనే రెండు జతలను మైదానంలోకి రానివ్వకుండా ఉండవలసిందని, నిర్వాహకులు మొహమాటపడ్డారని ఆయన ఫిర్యాదు. నా అభిప్రాయం మారలేదు, ఆయనదీ మారలేదు. కాని ఆ పోటీల మీద నాకంటే ఘాటైన విమర్శ ఆయన దగ్గర విన్నాను. దీన్నిబట్టి నేనొక సిద్ధాంతం చేసుకున్నాను, ఒక్క ఉదాహరణ మీద సిద్ధాంతమేమిటని నవ్వినా సరే: ఎవరి పిచ్చిలోని దోషాలు వాళ్లకే బాగా తెలుసు, బయటివాడు మీద పడకుండా అడిగితే వాళ్లే చెబుతారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా పనిచేయదు. షేర్ల మీద ప్రాణం అని చెప్పిన ఒకాయనను ఉత్సాహంగా అడగబోతే, అరగంటలో నా చేత డీమ్యాట్ ఖాతా తెరిపించబోయారు. అమ్మకానికీ పిచ్చికీ తేడా పసిగట్టడం ఇప్పటికీ నాకు పూర్తిగా పట్టుబడలేదు.

బండి కదిలాక పెద్దాయన అడిగిన ప్రశ్న ఏ ప్రయాణంలోనూ నన్ను ఎవరూ అడగలేదు. "ఇంతకీ నీ పిచ్చేంది అబ్బాయ్?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. తరువాత జేబులోని కలం తీసి ఆయన చేతిలో పెట్టాను. రాజమండ్రి రత్నం కలం, నల్లటి ఎబొనైట్‌ను లేతు మీద చేత్తో తిప్పి చేసినది. స్వదేశీ ఉద్యమ కాలంలో మొదలైన ఆ కలాల గురించి గాంధీజీ 1935లో మెచ్చుకుంటూ ఉత్తరం రాశారని చెప్పబోయి, బ్రెజిల్ గుర్తొచ్చి ఆపేశాను. ఆయనే కలాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "గంధకం వాసనొస్తంది" అన్నారు. నిజమే, రబ్బరును గంధకంతో గట్టిపరిస్తేనే ఎబొనైట్ అవుతుంది. ఇంట్లో ఇలాంటివి నలభైమూడు ఉన్నాయని, మా ఆవిడ వాటిని కలాల దరిద్రం అంటుందని చెప్పాను. ఎవరికైనా రాసుకోవడానికి ఇస్తావా అని అడిగారు. ఇవ్వనన్నాను. వాడగా వాడగా పాళీ రాసేవాడి చేతివాటానికి అరుగుతుందని, ఇంకొకరు అదిమి రాస్తే మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుందని వివరించాను.

ఆయన వెనక్కి జారగిలబడి, "అదే కదా నేను గంట నుంచి చెబుతోంది, పెద్దోడి చెయ్యి వాటికి తెలవదని" అన్నారు. మార్కాపురం వచ్చేదాకా మేము మాట్లాడుకున్నదంతా దాని మీదే. కాడి కొత్తగా వేసినప్పుడు మెడ పుండు పడకుండా ఏం చేస్తారో ఆయన చెప్పారు. కొత్త పాళీని అద్దం మీద ఎందుకు రుద్దకూడదో నేను చెప్పాను.

ఆయన కంభంలో దిగారు. దిగేముందు, వచ్చే పోటీకి ఏ మలుపులో ఎన్ని అడుగులు రాబట్టాలో లెక్క వేసి చూపిస్తానంటూ నా నోటుపుస్తకం అడిగి, నేను వద్దనేలోపు నా కలం మూత తీశారు. ఒక పేజీ నిండా అడుగులు, నిమిషాలు, మలుపుల గుర్తులు, కాగితం అవతలి వైపుకు అచ్చు దిగేటంత గట్టిగా అదిమి రాశారు. ఆ పాళీ తరువాత పది రోజులపాటు నా చేతిలో గీరుకుంటూనే ఉంది.