స్కాన్ చేసేశాక తాళపత్రాలకు ల్యాబులెందుకు?

"తాళపత్రాలన్నీ స్కాన్ చేసి నెట్‌లో పెట్టేస్తే చాలదా? వాటికి ల్యాబులు, పరిశోధన అంటూ ప్రజల సొమ్ము ఎందుకు?" అని అడిగారు. మీ ఇంట్లోనూ తాతగారి కట్టలు రెండున్నాయన్నారు. నేను ఒక గ్రంథాలయంలో మూడేళ్లు కాంట్రాక్టు మీద తాళపత్రాలు శుభ్రం చేశాను. ఆ పనిలో చేరకముందు నేనూ మీలాగే అనుకునేవాణ్ణి.

మొదటి రోజు నా ముందు పెట్టిన కట్ట విప్పడానికే రాలేదు. తేమకు ఆకులన్నీ అతుక్కుపోయి చెక్కముక్కలా బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే అక్షరాలున్న పొర కూడా లేచి వచ్చేస్తుంది. ఓపిగ్గా విడదీశాక ఇంకో తంటా. ఘంటంతో గీసిన గీతల్లో మసి రాలిపోతే కెమెరాకు ఉత్త ఆకే కనిపిస్తుంది. మళ్లీ మసి పూసి, తుడిచి, అప్పుడు ఫొటో తీయాలి. స్కానింగ్ అన్నది ఆ తర్వాతి మాట.

ఇక నూనె సంగతి. ఆకు పెళుసెక్కితే నిమ్మగడ్డి నూనె రాయడం మామూలే. ఆకు మెత్తబడుతుంది, పురుగూ దగ్గరికి రాదు. మా సీనియర్ ఒకాయన దూదికి రెండు చుక్కలు దాటనిచ్చేవారు కాదు. ఇంకొకాయన ఆకు నిగనిగలాడేదాకా పట్టించేవారు. పాత బీరువాలో ఎవరో ఎప్పుడో బాగా నూనె పట్టించిన కట్టలుండేవి. దుమ్ము పేరుకుని, నల్లబడి, చదవడానికి వీల్లేకుండా తయారయ్యాయి. మరి ఎంత రాయాలి? ఎన్నేళ్లకోసారి? మామూలు తాటాకుకీ, శ్రీతాళం అనే మరో తాటిజాతి ఆకుకీ ఒకే లెక్కా? ఇది తేల్చాలంటే రాతలేని పాత ఆకుల్ని వేడి, తేమ అదుపులో ఉండే పెట్టెలో నెలల తరబడి ఉంచి చూడాలి. అలాంటి పెట్టె మాకు లేదు. అందుకని ఎవరి అంచనా వారిది.

ఇలా అంచనా మీద నడిపిస్తే ఏమవుతుందో అజంతా చూస్తే తెలుస్తుంది. 1920లలో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి ఇద్దరు నిపుణుల్ని రప్పించి, అక్కడి చిత్రాలకు మరమ్మతు చేయించింది. పెచ్చులూడుతున్న చోట్ల అతికించి నిలబెట్టారు, అది మేలే. కానీ పైన పూసిన లక్క వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, మురికి పట్టి, అసలు రంగుల్ని కప్పేసింది. ఆ తర్వాత పురావస్తు శాఖ రసాయన నిపుణులకు దాన్ని ఒలిచి తీయడమే దశాబ్దాల పని అయింది. నిజాం సర్కారు డబ్బుకు వెనకాడలేదు. పూసింది ఏళ్లు గడిస్తే ఏమవుతుందో ముందుగా తేలకపోవడమే చిక్కు.

డబ్బు ఇప్పుడూ వస్తోంది. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో రాతప్రతుల కేటాయింపు 3.5 కోట్ల నుంచి 60 కోట్ల రూపాయలకు పెరిగింది. సంతోషమే. అయితే కోటికి పైగా ప్రతులన్నారు కదా, భాగిస్తే ప్రతికి 60 రూపాయలు కూడా రాదు. ఒక్క ఏడాది లెక్కే అనుకోండి, అయినా!

నా బాధ డబ్బు ఎంతన్నదాని గురించి కాదు, అది ఎలా వస్తుందన్నదాని గురించి. మా దగ్గర కాగితంలో ఆమ్లం చూసే పీహెచ్ మీటర్ ఒకటి ప్రాజెక్టు డబ్బుతో కొన్నారు. ఏడాది తిరక్కుండా దాని ఎలక్ట్రోడ్, అంటే కొలిచే కడ్డీ, ఎండిపోయింది. కొత్త మీటరైతే కొనొచ్చట, పాతదానికి ఎలక్ట్రోడ్ కొనడానికి బడ్జెట్‌లో పద్దు లేదట! మార్చి వస్తే యూసీ, అంటే డబ్బు ఖర్చు చేశామన్న సర్టిఫికెట్, పంపాలన్న టెన్షన్. నెలనెలా అడిగేది ఒకటే: ఎన్ని ఆకులు శుభ్రం చేశారు? నూనె ఎంత రాశారని ఒక్కరూ అడగలేదు. ప్రాజెక్టు అయిపోగానే మమ్మల్ని పంపేశారు. అతుక్కున్న ఆకులు విడదీయడంలో మా అందరికంటే నేర్పున్న అమ్మాయి ఇప్పుడు బట్టల షాపులో బిల్లింగ్ చూస్తోంది.

బ్రిటన్‌లో పాత కళాఖండాలు, వారసత్వ వస్తువుల సంరక్షణ పరిశోధనకు 8 కోట్ల పౌండ్ల ప్రజాధనం ప్రకటించారు. అందులో నాకు నచ్చింది, ఒకచోట ఉన్న పరికరాలను, నమూనాలను మిగతావాళ్లూ వాడుకునేలా చూడటం. మన రెండు రాష్ట్రాలకూ కలిపి అలాంటి ల్యాబు ఒక్కటి, అందులో పర్మనెంట్ మనుషులు పదిమంది ఉన్నా చాలు.

మీ కట్టల మాటకొస్తే, ఇంట్లో ఉన్న నూనె ఏదీ రాయకండి, లామినేషన్ జోలికి పోకండి, ఎండలో పెట్టకండి. ఉతికి ఆరేసిన నూలుగుడ్డలో చుట్టి తేమ తగలని చోట ఉంచండి. అతుక్కున్న ఆకులుంటే మాత్రం మీరు విప్పొద్దు.