యూకేలో ఎయిర్‌సాఫ్ట్ ఆడటానికి ఎం4 కొనాలా, ఏకే కొనాలా? తర్వాత ఇంటికి తెచ్చుకోవచ్చా?

పలాస తమ్ముడు అడిగినవి రెండు సంగతులు. సెప్టెంబరులో ఎమ్మెస్సీకి యూకే వెళ్తున్నాడు, అక్కడ ఎయిర్‌సాఫ్ట్ (అసలు తుపాకుల్లా కనిపించే నమూనాలతో చిన్న ప్లాస్టిక్ గుళ్లు కొట్టుకునే జట్ల ఆట) ఆడాలని ఉంది, దానికి 250 పౌండ్లు పక్కన పెట్టుకున్నాడు. అమెరికా సైన్యపు ఎం4 తుపాకి రెప్లికా, అంటే నమూనా, కొనాలా, రష్యా ఏకే రెప్లికా కొనాలా? చదువైపోయాక దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఉద్దానంలో వాళ్ల జీడితోటలో స్నేహితులతో ఆడుకోవచ్చా?

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను తమ్ముడూ: వద్దు. ఎందుకో తర్వాత చెప్తాను. మొదటిదానికి నా ఓటు ఎం4కే. అది కూడా దిగగానే కాదు, కనీసం రెండు నెలలు ఆగి.

నాది విజయనగరం. బర్మింగ్‌హామ్ దగ్గర నాలుగేళ్లు ఉద్యోగం చేశాను. అందులో మూడేళ్లు నెలకో ఆదివారం ఈ ఆటకే పోయేది. అంతకుముందు తుపాకితో నా పరిచయం అంతంత మాత్రం. ఎం.ఆర్. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్లు పేల్చనిచ్చిన పాయింట్ టూటూ రైఫిల్ ఒకటి, పైడితల్లమ్మ జాతరలో బెలూన్ల కొట్టు దగ్గరి ఎయిర్‌గన్ ఒకటి. ఆ బెలూన్ల తుపాకి బట్ నా చేతులకి పొడుగు. భుజానికి ఆనిస్తే ముందు చెయ్యి సాగదీసి పట్టుకోవాలి, రెండు గుళ్లు కొట్టేసరికి గొట్టం కిందికి వాలిపోయేది. "సంకలో ఎట్టి కొట్టు బావూ" అనేవాడు కొట్టు అతను. ఆ సంగతి గుర్తుంచుకుని ఉంటే బర్మింగ్‌హామ్‌లో నాకు వంద పౌండ్లు మిగిలేవి.

ఎందుకంటే నేను మొదట కొన్నది నువ్వడిగిన రెండూ కాదు. పొడుగాటి ఎం16. మీటరు పొడుగు, కదలని బట్, బ్యాటరీతో కలిపి మూడు కిలోల పైన. షాపులో గోడకి వేలాడుతుంటే చూసి మనసు పారేసుకున్నాను. నా ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు. షాపులో అయిదు నిమిషాలు పట్టుకుంటే బాగానే ఉంది. అడవిలో పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకా మోస్తే తెలిసింది. భోజనాల తర్వాత ఆటలో ఎడమ చెయ్యి లేవలేదు. పొదల్లోంచి తిరిగినప్పుడల్లా గొట్టం ఏదో ఒక కొమ్మకి తగిలేది, ఆ కొమ్మ ఊగేది, ఎదుటివాడికి నా జాడ తెలిసిపోయేది. నాలుగు నెలలకి వంద పౌండ్లు నష్టానికి అమ్మేశాను.

అందుకే మొదట చూడాల్సింది పేరు కాదు, బట్. ఎం4 బట్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది, అయిదారు మెట్లు ఉంటాయి. పొట్టి చేతులవాడూ, చలికాలం మందపాటి జాకెట్ మీద వెస్ట్ తొడుక్కున్నవాడూ ఇద్దరూ సర్దుకోవచ్చు. దీన్ని కొనకముందే పరీక్షించే వీలు ఆ దేశపు చట్టమే నీకు ఇస్తోంది, చాలామంది దాన్ని విసుగనుకుంటారు గానీ. అక్కడ అసలు తుపాకిలా కనిపించే రెప్లికాని ఎవరికి పడితే వాళ్లకి అమ్మకూడదు. 2006లో చేసిన చట్టం అది. పద్దెనిమిదేళ్లు నిండాలి, ఆటకోసమే కొంటున్నానని చూపించుకోవాలి. మామూలు దారి యూకారా అనే ఎయిర్‌సాఫ్ట్ షాపుల సంఘం నంబరు. ఒక మైదానంలో 56 రోజులకి తగ్గకుండా మూడుసార్లు ఆడితే, ఆ మైదానం వాళ్లు నీ పేరు నమోదు చేస్తారు. షాపు వాళ్లు ఆ నంబరు సరిచూసుకుని అమ్ముతారు. ఆగలేనివాళ్లకి సగానికి పైగా నీలమో ఎరుపో రంగు కొట్టిన తుపాకులు నంబరు లేకుండానే దొరుకుతాయి. కొనకు. పొదలో దాక్కుంటే నెమలిలా కనిపిస్తావు, మళ్లీ అమ్మబోతే ఎవరూ తీసుకోరు.

ఆ మూడు ఆటలూ అద్దె తుపాకితో ఆడు, ప్రతిసారీ వేరే రకం అడుగు. నా స్నేహితుడు ఒకడు తన ఏకే నాకు ఒక సీజన్ అంతా ఇచ్చాడు కాబట్టి దాని గురించి కూడా అనుభవంతోనే చెప్తున్నాను. అది మంచి తుపాకి. లోపల మోటారుతో స్ప్రింగ్‌ని లాగి వదిలే పెట్టె, అదే గేర్‌బాక్స్, వెర్షన్ 3 అంటారు, ఎం4లో ఉండే వెర్షన్ 2 కంటే మొండిది. వెర్షన్ 2 పెట్టె ముందు భాగంలో, పిస్టన్ వచ్చి కొట్టే చోట, గట్టి స్ప్రింగ్ వేస్తే పగులు పడే అలవాటుంది. కానీ ఏకేలో అసలైన చెక్క, ఉక్కు కావాలంటే మూడున్నర కిలోలు మొయ్యాలి. గుళ్లు నింపే వంకర మ్యాగజైన్ పొడుగ్గా కిందికి దిగి ఉంటుంది, నేలమీద బోర్లా పడుకుంటే అది మట్టికి తగిలి తుపాకి కిందికి దిగదు. బ్యాటరీ చాలావాటిలో పైమూత కింద సన్నటి సందులో పెట్టాలి. చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు ఆ మూత మళ్లీ బిగించడం ఒక ప్రహసనం.

అన్నిటికంటే పెద్ద సంగతి అరువు. మైదానంలో పదిమంది ఉంటే ఏడుగురి దగ్గర ఎం4 రకమే ఉంటుంది. నీ మ్యాగజైన్ మొరాయిస్తే పక్కవాడిది తీసుకుని పెట్టుకోవచ్చు, స్ప్రింగో మోటారో పోతే సాయంత్రానికల్లా ఎవరో ఒకరు తెచ్చిస్తారు. దీనికి కారణం జపాన్. మామూలు మనిషి అంత తేలిగ్గా తుపాకి కొనుక్కోలేని ఆ దేశంలోనే ఈ ఆట పుట్టింది. టోక్యో మారుయి అనే కంపెనీ 1991లో బ్యాటరీ మీద నడిచే ఫమాస్ అనే ఫ్రెంచి రైఫిల్ రెప్లికా తెచ్చింది. ఇవాళ్టి తైవాన్, చైనా కంపెనీల తుపాకుల్లో చాలావాటి లోపలి అమరిక ఆ కంపెనీ వేసిన దారిలోనే ఉంటుంది. నీ బడ్జెట్‌లో జీ అండ్ జీ వాళ్ల కాంబాట్ మెషీన్ రకం, పోలండ్ వాళ్ల స్పెక్నా ఆర్మ్స్ కోర్ రకం చూడు. రెండూ ప్లాస్టిక్ ఒళ్లే, సిగ్గుపడకు. వానలో బురదలో పొర్లాడే తుపాకికి లోహపు సోకు అక్కర్లేదు.

గ్యాస్‌తో నడిచేవి కూడా చూపిస్తారు. పేల్చినప్పుడు బోల్టు వెనక్కి తన్నే ఆ దెబ్బ బాగుంటుంది, కాదనను. ఆ గ్యాస్ అంటే దాదాపు మన సిలిండర్‌కి తోబుట్టువు, ప్రొపేన్‌లో కొంచెం సిలికాన్ నూనె. చలికి పీడనం పడిపోతుంది. మన దగ్గర మే నెలలో ఎగిరి గంతేస్తుంది గానీ అక్కడ జనవరిలో దగ్గుతుంది. మొదటిది బ్యాటరీదే కొను.

వేగం గురించి షాపువాడు ఎక్కువ చెప్తాడు. వినకు. 0.20 గ్రాముల గుండు సెకనుకి 350 అడుగుల వేగంతో పోతే 1.14 జౌల్స్ శక్తి. చాలా మైదానాల్లో ఆటోమేటిక్‌కి పరిమితి అక్కడే. పొద్దున్నే క్రోనో అనే వేగం కొలిచే పరికరం ముందు ప్రతి తుపాకినీ పేల్చి చూస్తారు, దాటితే ఆ రోజు నీది పక్కన పెట్టేస్తారు. కాబట్టి ఎక్కువ వేగానికి డబ్బు పోస్తే ఆడకుండా కూర్చోవడానికి పోసినట్టే. గురి ఎక్కడినుంచి వస్తుందంటే హాప్-అప్ నుంచి. గొట్టం మొదట్లో ఉండే చిన్న రబ్బరు ముక్క, గుండు నెత్తిమీద రాసుకుని దాన్ని వెనక్కి తిప్పుతుంది, ఆ తిరుగుడుకి గుండు గాలిలో తేలుతూ పోతుంది. స్పిన్ బౌలరు చేతిలో బంతి చేసే పనే ఇది కూడా. పది పౌండ్ల రబ్బరు మార్చి, 0.20 బదులు 0.28 గుళ్లు వేస్తే వచ్చే తేడా వంద పౌండ్ల గొట్టం మారిస్తే రాదు. గుళ్లు మాత్రం చవకవి వద్దు, అతుకు గీత ఉన్న గుండు రబ్బరు దగ్గరే ఇరుక్కుంటుంది. అడవి మైదానాల్లో మట్టిలో కలిసిపోయే రకమే వాడమంటారు.

మ్యాగజైన్లు మిడ్‌క్యాప్ రకం నాలుగు చాలు, ఒక్కోదానిలో నూటపాతిక దాకా పడతాయి. మూడొందలు పట్టే హైక్యాప్ కొంటే పరిగెత్తినప్పుడల్లా గిలకలా చప్పుడు. బ్యాటరీ 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) తీసుకో, 11.1 తర్వాత చూసుకోవచ్చు. ఒకసారి ఆట అయ్యాక లైపోని తుపాకిలోనే వదిలేసి మూడు వారాలు మర్చిపోయాను. తీసి చూస్తే పూరీలా ఉబ్బి ఉంది. టెన్షన్‌తో దాన్ని వాకిట్లో ఇసుక బకెట్లో పెట్టి రాత్రంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇంతకీ నీ 250లో ముందు తీయాల్సింది కళ్లకి. నేను కళ్లజోడు మనిషిని, అందుకే ఇది గట్టిగా చెప్తున్నాను. గాగుల్స్ మీద ఈఎన్166 అని (కళ్ల రక్షణకి యూరప్ ప్రమాణం అది), పక్కన బి అనే గుర్తు ఉందో లేదో చూడు. ఆ గుర్తుకి 0.86 గ్రాముల ఉక్కు గుండుని సెకనుకి 120 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షిస్తారు. ఎఫ్ అని ఉంటే ఆ వేగం 45 మీటర్లే, నీ మీదకి వచ్చే గుండు సుమారు 107 మీటర్లతో వస్తుంది. మూతికి వల మాస్కు పెట్టుకో. మా జట్టులో ఒకతను నవ్వుతూ మాట్లాడుతుండగా ముందుపన్ను సగం పోయింది. మొహమంతా కప్పే మాస్కు కొంటే ఇంకో చిక్కు: చెంప బట్‌కి ఆనదు, కన్ను గురి దాకా దిగదు. అప్పుడు రెడ్‌డాట్‌ని, అంటే ఎర్ర చుక్కతో గురి చూపే అద్దాన్ని, ఒక అంగుళం పైకి లేపే మెట్టు వేసుకోవాలి. అందుకే మాస్కు ముందు కొని, అది తొడుక్కుని తుపాకి ఎంచుకో. అద్దం ఆవిరి పట్టడం ఎలాగూ తప్పదు, నేను ఆట మధ్యలో గాగుల్స్ ఎత్తకుండా కళ్లు కనపడక సేఫ్ జోన్ దాకా చేతులు చాపుకుని నడిచిన రోజులున్నాయి.

ఒక మాట మర్చిపోయాను. విద్యార్థుల హాస్టళ్లలో చాలాచోట్ల రెప్లికా తుపాకులు ఉంచనివ్వరు, అద్దె కాగితం చదువుకో. బస్సులో మూసిన సంచిలోంచి బయటికి తీశావా, అక్కడ అది నేరమే.

ఇక జీడితోట సంగతి. నిజానికి ఉద్దానం తోటలు ఈ ఆటకి పుట్టినట్టే ఉంటాయి, నేలకి వంగిన కొమ్మలు, ఇసుక నేల, ఎండుటాకుల చప్పుడు. నాకూ ఆ ఊహ వచ్చింది. కానీ చట్టం ఒకటి ఉంది. "20 జౌల్స్ లోపు అయితే లైసెన్సు అక్కర్లేదంట" అని మనవాళ్లు సగం మాటే చెప్తారు. 2016 ఆయుధ నిబంధనల్లో ఎయిర్‌గన్‌కి ఆ మినహాయింపు 20 జౌల్స్ లోపు, గొట్టం 4.5 మిల్లీమీటర్ల లోపు ఉంటేనే. ఎయిర్‌సాఫ్ట్ గుండు 6 మిల్లీమీటర్లు. విమానం దిగాక కస్టమ్స్ కౌంటర్ ముందు ఈ లెక్క నీకు ఎవరూ వివరించి చెప్పరు, పెట్టె పక్కన పెట్టిస్తారు.

చట్టం పక్కన పెట్టు. మన దగ్గర ఏకే ఆకారం అంటే ఏమిటో నీకు తెలియంది కాదు. 1967 నుంచి మన కొండల్లో నక్సలైట్ల పోరులో జరిగినవి మీ తాతగారి తరం కళ్లారా చూసి ఉంటుంది. నేను తిరిగొచ్చిన ఏడు మా అక్క కొడుకుని తీసుకుని పార్వతీపురం వైపు చుట్టాలింటికి రాత్రి కారులో వెళ్తున్నాం. జాతరలో కొన్న నల్ల ప్లాస్టిక్ తుపాకి వాడి ఒళ్లో ఉంది, నూట యాభై రూపాయలది. పోలీసుల వాహనాల తనిఖీ దగ్గర టార్చి వెలుగు వెనక సీటు మీద పడింది. టార్చి పట్టుకున్నతను ఒక అడుగు వెనక్కి వేశాడు, పక్కనున్నతని చెయ్యి కదిలింది. "దిగండి, చేతులు కనపడాల." దిగాం. వాడికి పదేళ్లు, ఏడుపు అందుకున్నాడు. టార్చి పట్టుకున్న పోలీసు బొమ్మని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "ఏటి బావూ, రాత్రిపూట ఇలాటివి ఒళ్లో ఎట్టుకుంటారా" అని మెల్లగానే అన్నాడు. మాకు ఏమీ కాలేదు. కానీ ఆ ఒక్క అడుగు వెనక్కి వేసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. అది నూట యాభై రూపాయల బొమ్మ. నువ్వు ఏకే తెచ్చుకుంటే అది చెక్క, ఉక్కు, మూడున్నర కిలోలు, చేతుల్లో పెట్టుకుని తోటలో వంగి పరిగెడుతూ ఉంటావు.

ఇంటికొచ్చాక కూడా గురి చూసి కొట్టాలన్న మోజు తీరకపోతే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్ తీసుకో. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల పోటీ ఆ సైజుతోనే. కొనేముందు బిల్లు మీద శక్తి, సైజు రాయించుకో.

నా ఎం4ని వచ్చేముందు జట్టులో కొత్తగా చేరిన కుర్రాడికి అమ్మేశాను, పెద్దగా నష్టం లేకుండానే. గాగుల్స్ మాత్రం పెట్టెలో వేసుకొచ్చాను. ఇప్పుడవి గజపతినగరంలో మా మావయ్య దగ్గర ఉన్నాయి, గడ్డి కోసే మిషన్ తిప్పేటప్పుడు పెట్టుకుంటాడు. ఆవిరి పట్టేస్తోందని ఆయన కూడా తిడుతూనే ఉంటాడు.